ముందు కప్పు, తర్వాత గాలి, ఆఖరున ఏసీ: ఉత్తరాంధ్ర పాత ఇళ్లలో కరెంటు ఖర్చు తగ్గించే మరమ్మతులు

మే నెలలో రాత్రి పది గంటలకి, నరసన్నపేటలోనో చీపురుపల్లిలోనో ఓ పాతికేళ్ల నాటి డాబా ఇంట్లో స్టూలెక్కి స్లాబుకి అరచెయ్యి ఆనిస్తే అప్పుడే దించిన మూకుడులా ఉంటుంది. బయట గాలి అప్పటికే చల్లబడి ఉంటుంది. ఇల్లు మాత్రం చల్లబడదు. పగలంతా ఎండని తాగిన కాంక్రీటు సరిగ్గా మనుషులు పడుకునే వేళకి ఆ వేడిని కిందికి దించుతుంది. ఐదు అంగుళాల స్లాబులోంచి వేడి దిగడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది కాబట్టి, మధ్యాహ్నపు ఎండ సాయంత్రం పూట గదిలోకి వస్తుంది. దానికి చాలా ఇళ్లు కనిపెట్టిన మందు ఒకటిన్నర టన్ను ఏసీ. అది గదిని చల్లబరుస్తున్నట్టు కనిపిస్తుంది కానీ, చేస్తున్న పనిలో పెద్ద వాటా స్లాబుతో కుస్తీ.

ఆ కుస్తీ ఎంతో లెక్క వేసి చూడొచ్చు. పది అడుగులకి పన్నెండు అడుగుల గది తీసుకుంటే కప్పు సుమారు 11 చదరపు మీటర్లు. ఏ పూతా లేని ఐదు అంగుళాల స్లాబు, పైకీ కిందికీ ఒక డిగ్రీ తేడాకి చదరపు మీటరుకి 3.4 వాట్ల వేడిని వదిలేస్తుంది. మురికిపట్టి నల్లబడిన డాబా ఎండలో 60 డిగ్రీలకి చేరితే, గది 27 దగ్గర ఉండాలంటే తేడా 33 డిగ్రీలు. అంటే కప్పులోంచే 1,200 వాట్లకి పైగా. టన్ను ఏసీ తోడిపోసే వేడి మొత్తం 3,500 వాట్లు. అందులో మూడోవంతు కప్పు ఒక్కటే మింగేస్తోంది. అదే డాబాకి తెల్లటి పూత ఉండి పైభాగం 43 డిగ్రీల దగ్గర ఆగితే, దిగే వేడి 600 వాట్లకి పడుతుంది. పూత లేకుండా 50 మి.మీ. ఎక్స్‌పీఎస్ షీటు (వేడిని ఆపే గట్టి నురుగు పలక) మాత్రమే పరిస్తే 190 వాట్లు. షీటూ తెలుపూ రెండూ ఉంటే 90. ఇది నిలకడగా కాసే ఎండకి వేసిన లెక్క. స్లాబు మందం వల్ల శిఖర వేడి కొంత తగ్గి, ఆలస్యంగా వస్తుంది. అయినా ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే నిష్పత్తులు అవే.

కేంద్ర విద్యుత్ శాఖ కింద ఉన్న బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2018లో తెచ్చిన ఇకో నివాస్ సంహిత, కప్పు ఆ 3.4 బదులు 1.2 వాట్లకి మించి వదలకూడదంటుంది. అది కొత్త ఇళ్ల కోసం రాసిన నియమం. పాత ఇంటికి కొలబద్దగా వాడుకోవచ్చు. 25 మి.మీ. ఎక్స్‌పీఎస్‌తోనే ఆ గీత కిందికి వచ్చేస్తాం.

గోడల సంగతి ఇంత తీవ్రం కాదు. శ్రీకాకుళం 18.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి జులై ఆఖరి దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. అంటే ఎండంతా కప్పు మీదే. ఉత్తరం గోడకి ఎండ రాదన్న నమ్మకం కూడా ఆ రెండున్నర నెలలు చెల్లదు. ఏటవాలు ఎండ తగిలే తూర్పు, పడమర గోడలకి, ముఖ్యంగా పడమటి కిటికీలకి, నీడ కావాలి. గోడలన్నిటికీ థర్మోకోల్ తొడుగులు వేయమనే సలహా చలిదేశాల నుంచి వచ్చింది. ఇక్కడ ఆ డబ్బు కప్పు మీద పెడితే రెండింతల పని చేస్తుంది.

కప్పు పని ఎక్కడ మొదలవ్వాలి

ఎక్కువమంది పూత డబ్బా కొనడంతో మొదలుపెడతారు. మొదలవ్వాల్సింది సుత్తితో. గది లోపలి నుంచి స్లాబంతా అడుగుకో దెబ్బ చొప్పున తట్టుకుంటూ పోతే, డొల్ల శబ్దం వచ్చిన చోట లోపల ఊచ తుప్పుపట్టి కాంక్రీటుని తోస్తోందని అర్థం. కళింగపట్నం, బారువ, కోనాడ వైపు ఉప్పుగాలి తగిలే ఇళ్లలో ఇది మామూలు. తుప్పుకి ఇనుము కన్నా ఎక్కువ చోటు కావాలి. అందుకే పెచ్చులు ఊడతాయి. పెచ్చు ఊడిన చోట సిమెంటు మెత్తి సున్నం కొట్టేస్తే ఏడాది తిరక్కుండా మళ్లీ ఊడుతుంది. ఊచ వెనకవైపు దాకా కాంక్రీటు చెక్కి, వైరు బ్రష్షుతో తుప్పు దులిపి, జింక్ ప్రైమర్ రాసి, పాలిమర్ కలిపిన మోర్టార్‌ని పొరలు పొరలుగా నింపాలి. ఊచ నాలుగోవంతుకి మించి కరిగిపోయి ఉంటే అది మేస్త్రీ తేల్చే పని కాదు, స్ట్రక్చరల్ ఇంజినీరు చూడాలి.

రెండోది బరువు. నీరు కారుతోందంటే ఇక్కడి మేస్త్రీలు వెంటనే చెప్పేది కోబా, అంటే ఇటుక ముక్కల్ని సిమెంటుతో కలిపి డాబా మీద వేసే మందపు పొర. సగటున నాలుగు అంగుళాల కోబా చదరపు మీటరుకి 180 నుంచి 200 కిలోలు తూగుతుంది. మనుషులు ఎక్కే డాబాకి భారత ప్రమాణాలు లెక్కలోకి తీసుకోమనే అదనపు బరువు 150 కిలోలే. ముప్పై ఏళ్ల స్లాబు మీద, అందులోనూ పాత కోబా తియ్యకుండా దానిపైనే ఇంకో కోబా వేయించడం కొనితెచ్చుకున్న ప్రమాదం. 50 మి.మీ. ఎక్స్‌పీఎస్ షీటు బరువు చదరపు మీటరుకి రెండు కిలోల లోపే. దానిపై 40 మి.మీ. స్క్రీడు (సిమెంటు గచ్చు పొర) కలిపినా 90 కిలోల దగ్గర ఆగుతుంది. పాత కోబా చెక్కేసి దీన్ని వేస్తే స్లాబు మీద బరువు తగ్గినట్టే.

పనికి కాలం సంక్రాంతి వెళ్లాక, ఉగాది లోపల. ఈశాన్య రుతుపవనాల తడి జనవరికి ఆరుతుంది. తడి స్లాబు మీద షీటు పరిస్తే ఆ తేమకి పైకి దారి ఉండదు. రెండో వానాకాలం నాటికి గది లోపల నెమ్ము మరకలై దిగుతుంది.

వరస ఇలా నడుస్తుంది. పగుళ్లని వి ఆకారంలో చెక్కి పాలిమర్ మోర్టార్‌తో నింపాలి. పిట్టగోడా స్లాబూ కలిసే మూలలో గుండ్రటి గోళా కట్టాలి. లీకుల్లో సగం ఆ మూలలోనే పుడతాయి. వాలు పది అడుగులకి కనీసం అంగుళంపావు ఉండాలి. తర్వాత వాటర్‌ప్రూఫ్ పూత రెండు చేతులు. ఆరాక తూములు మూసి 48 గంటలు నీళ్లు నిలబెట్టి, కింద ప్రతి గదీ చూడాలి. ఈ పరీక్ష చెయ్యకుండా షీటు పరిస్తే, రేపు లీకు వచ్చినప్పుడు అంతా పగలగొట్టాలి. పరీక్ష నెగ్గాక 25 మి.మీ. షీట్లు రెండు వరసలు, కింది వరస అతుకుల మీద పై వరస అతుకులు పడకుండా పరవాలి. పైన జియోటెక్స్‌టైల్ గుడ్డ, దానిపై చికెన్ మెష్ వేసి 40 మి.మీ. స్క్రీడు. స్క్రీడుని నాలుగైదు అడుగుల చదరాలుగా విడగొట్టి, సందుల్లో సీలెంట్ నింపాలి. సందులు లేకుండా ఒకే పలకగా పోస్తే మొదటి ఎండాకాలమే తనకి నచ్చిన చోట చీలుతుంది. ఆఖరి పొరగా తెల్ల టైలు ముక్కల చైనా మొజాయిక్ వేస్తే పూత కన్నా ఎన్నో ఏళ్లు తెల్లగా నిలుస్తుంది.

ఇక్కడ మేస్త్రీలూ మరిచిపోయే చిక్కు ఒకటుంది. షీటు 50, స్క్రీడు 40, టైలు 20. మొత్తం 110 మి.మీ., అంటే నాలుగు అంగుళాలు దాటి డాబా మట్టం లేస్తుంది. పాత ఇళ్లలో మెట్లగది గడప ఎత్తు నాలుగు అంగుళాలే ఉండొచ్చు. గడప పెంచకుండా పని ముగిస్తే తుపాను రాత్రి డాబా మీద నీళ్లన్నీ మెట్ల మీదుగా హాల్లోకి వస్తాయి. తూము నోరు కొత్త మట్టానికి ఎత్తాలి, పిట్టగోడ కూడా ఆ మేరకి పొట్టిదవుతుందని గుర్తుండాలి. షీట్లు పరిచిన రోజే స్క్రీడు పడకపోతే వాటి మీద ఇటుకలు పెట్టాలి. గాలికి లేచిపోతాయి, వానొస్తే తేలతాయి.

కొనేటప్పుడు షీటు సాంద్రత అడగాలి. ఘనపు మీటరుకి 32 నుంచి 36 కిలోలది సరిపోతుంది. మామూలు థర్మోకోల్ కూడా వేడిని ఆపుతుంది, కానీ కాలి బరువుకి నలుగుతుంది, నీళ్లు పీలుస్తుంది. స్లాబు మీద పరిచేందుకు అది వద్దు.

అంత ఖర్చు పెట్టలేని ఇంటికి సున్నం ఉంది, దాన్ని తక్కువ చెయ్యక్కర్లేదు. వెయ్యి చదరపు అడుగుల డాబాకి 25 నుంచి 30 కిలోల సున్నం రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడకట్టి, పట్టు కోసం జిగురు కలిపి రెండు చేతులు వేస్తే ఆ వేసవి గడుస్తుంది. జూన్ నుంచి అక్టోబరు వానలకి నాచు పట్టి నల్లబడుతుంది. నల్లబడిన డాబా మళ్లీ మొదటి లెక్కకే పోతుంది. కాబట్టి ఏటా ఫిబ్రవరిలో బ్లీచింగు పౌడరు నీళ్లతో రుద్ది కడిగి మళ్లీ వేసుకోవాలి. డబ్బాల్లో అమ్మే కూల్‌రూఫ్ పూతలు నాలుగైదేళ్లు నిలుస్తాయి కానీ వాటినీ ఏటా కడగాల్సిందే. డబ్బా మీద రాసిన విస్తీర్ణం నున్నటి గచ్చుకి. గరుకుదేలిన పాత డాబాకి మూడోవంతు ఎక్కువ కొనాలి.

లోపల ఫాల్స్ సీలింగు వేస్తే సరిపోదా అన్న ప్రశ్న తరచూ వస్తుంది. రాత్రి మాత్రమే ఏసీ వేసే గదికి అది కొంత పనిచేస్తుంది, గది తొందరగా చల్లబడుతుంది. కానీ స్లాబు ఎండలోనే ఉంటుంది, వ్యాకోచించి పగుళ్లు ఇస్తూనే ఉంటుంది. పైగా పెచ్చులూ లీకులూ సీలింగు వెనక దాక్కుంటాయి. పైనించి ఆపగలిగినప్పుడు కిందినించి ఆపడం రెండో దారి మాత్రమే.

పెంకుటిళ్ల లెక్క వేరు. నాటు పెంకైనా మంగళూరు పెంకైనా తొందరగా వేడెక్కి తొందరగా చల్లారుతుంది, సందుల్లోంచి గాలి ఆడుతుంది. పగలు పెంకు నుంచి కిందికి కొట్టే సెగే అక్కడ సమస్య. వాసాల కింద మెరిసే రేకు గుడ్డని, మెరుపు వైపు కిందికి ఉండేలా, కనీసం అంగుళం గాలిసందు వదిలి కట్టాలి. దేనికైనా అంటుకుపోయిన మెరుపు రేకు పనికిరాదు, సందు ఉంటేనే అది సెగని ఆపుతుంది. చూరు దగ్గర, నడికొప్పు దగ్గర గాలి పోయే దారి మూసెయ్యకూడదు. సిమెంటు రేకుల వసారా ఉంటే తెల్ల పూత వేసే ముందు రేకుని తడిపి మాత్రమే రుద్దాలి. పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, పొడిగా గీకితే ఆ ధూళి ఊపిరితిత్తుల్లో చేరుతుంది.

తెరిచి ఉంచేదెక్కడ, మూసేదెక్కడ

విదేశీ పుస్తకాల్లో పాత ఇంటి మరమ్మతు అంటే మొదటి మాట ‘గాలి చొరకుండా సందులన్నీ మూయండి’. ఉత్తరాంధ్ర తీరానికి ఆ మాట సగమే నప్పుతుంది. ఏసీ ఉన్న ఒక్క గదీ సీసా మూతలా బిగిసి ఉండాలి. మిగతా ఇల్లంతా వీలైనంత తెరుచుకుని ఉండాలి. ఈ రెండిటి మధ్య తలుపు గట్టిగా పడాలి. సగం సగం మూసిన ఇల్లు రెండు విధాలా నష్టం.

పాత ఇళ్లలో వీధి తలుపు నుంచి పెరటి తలుపు దాకా ఒకే గీతలో ఉండటం వాస్తు మాటే కాదు, గాలి మాట కూడా. తర్వాతి రోజుల్లో వసారాని గదిగా మూసి, పెరటి వైపు వంటగది కట్టేసరికి ఆ గీత తెగింది. ఆ అడ్డుగోడ పైభాగంలో అడుగున్నర జాలీ పెట్టించినా దారి మళ్లీ తెరుచుకుంటుంది.

కిటికీల విషయంలో ఈ మధ్య ఊళ్లల్లో విరివిగా జరుగుతున్న పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. ఉక్కతో నిండిన మన వాతావరణానికి ఇకో నివాస్ సంహిత అడిగేది, నేల వైశాల్యంలో ఆరోవంతు తెరుచుకునే కంత. 120 చదరపు అడుగుల గదికి 20 చదరపు అడుగులు. మూడడుగులకి నాలుగడుగుల పాత చెక్క కిటికీ రెండు రెక్కలూ తెరిస్తే 12 చదరపు అడుగులు ఇస్తుంది. అది పాతబడిందని తీసి అదే కంతలో యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్ చట్రం) స్లైడింగు పెడితే, ఒక అద్దం మీదికి ఇంకోటి జరిగి సగమే తెరుచుకుంటుంది. మిగిలేది ఆరు. దానికి దోమతెర. డబ్బు పెట్టి గాలిని సగానికి తగ్గించుకున్నట్టు. యూపీవీసీయే కావాలంటే బయటికి తెరుచుకునే రెక్కల రకం చేయించాలి. చెక్క గట్టిగా ఉంటే రబ్బరు బీడింగు వేసి దాన్నే ఉంచుకోవడం ఇంకా మేలు.

పడమటి కిటికీకి నీడ బయటే ఉండాలి. లోపలి పరదా వెలుగుని ఆపుతుంది కానీ అద్దం దాటి వచ్చిన వేడి గదిలోనే మిగులుతుంది. తాటాకు తడక, వెదురు చాప, 75 శాతం షేడ్‌నెట్, ఏదైనా గోడకి జానెడు ఎడంగా వేలాడాలి. దసరా నాటికి విప్పి లోపల పెట్టేలా కొక్కాలకి తగిలించుకోవాలి. పెద్ద తుపానులు వచ్చేది అప్పుడే: హుద్‌హుద్ 2014లో అక్టోబరు 12న, తిత్లీ 2018లో అక్టోబరు 11న తీరం దాటాయి.

ఇప్పుడు మూయాల్సిన గది. తలుపు కింద అంగుళం సందు మూడడుగుల పొడవునా ఉంటే 36 చదరపు అంగుళాల కంత. ఆరంగుళాల చదరపు కిటికీ రాత్రంతా తెరిచి పెట్టినట్టే. తలుపు కింద బ్రష్ స్ట్రిప్, పైన వెంటిలేటరుకి తెరిచి మూసుకునే అద్దం రెక్క, ఏసీ గొట్టం దూరిన కంతకి ఫోము, స్విచ్‌బోర్డు వెనక పైపు నోళ్లకి పుట్టీ. మొత్తం ఒక పూట పని. వేడిగాలి కన్నా తడిగాలి ఏసీకి పెద్ద శత్రువు. జూన్, సెప్టెంబరు మధ్య తీరంలో గాలిలోని తేమ 25, 26 డిగ్రీల దగ్గరే నీటిబొట్టుగా మారుతుంది. ఏసీని 20కి పెడితే గది గోడ అవతలి వైపు, అంటే ఏసీ లేని హాలు వైపు, చెమటపట్టి బూజు వస్తుంది. దాన్ని చాలామంది లీకు అనుకుని ప్లంబరుని పిలుస్తారు. 26కి పెట్టి ఫ్యాను తిప్పితే గోడా బాగుంటుంది, బిల్లూ బాగుంటుంది. అలాంటి గదికి లోపలివైపు ఆయిల్ పెయింటు, వినైల్ వాల్‌పేపరు వద్దు. ఇక్కడ తేమ బయటనించి లోపలికి నడుస్తుంది, లోపల దారి మూసేస్తే ఆ పొర వెనకే నిలిచి గోడని కుళ్లబెడుతుంది.

కూలరు సంగతి ఒక్క మాటలో: బొబ్బిలి, రాజాం లాంటి లోపలి ఊళ్లలో మే నెల పొడి వడగాలి రోజుల్లో పనిచేస్తుంది. తీరంలో ఉక్కని పెంచుతుంది.

మీటరు చెప్పే లెక్క

ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ నుంచి అమలైన గృహ కరెంటు చార్జీల మెట్లలో యూనిట్ ధర 30 వరకు 1.90, 75 వరకు 3.00, 125 వరకు 4.50, 225 వరకు 6.00, 400 వరకు 8.75, ఆ పైన 9.75 రూపాయలు. పొదుపు చేసిన యూనిట్లు ఎప్పుడూ పై మెట్టు నుంచే తగ్గుతాయి. 75 వాట్ల పాత ఫ్యాన్లు నాలుగు తీసి 28 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటారు) ఫ్యాన్లు పెడితే, రోజుకి 12 గంటల వాడకానికి నెలకి సుమారు 68 యూనిట్లు మిగులుతాయి. నెలకి 350 యూనిట్లు కాల్చే ఇంట్లో దాని విలువ 595 రూపాయలు. 120 యూనిట్ల ఇంట్లో 272 రూపాయలు. పని ఒకటే, విలువ సగం లోపు. అందుకే పక్కింటివాళ్లకి కలిసొచ్చిందని మనకీ అంతే కలిసొస్తుందనుకోకూడదు. బీఎల్‌డీసీ ఫ్యానుకి పాత రెగ్యులేటరు తీసేసి వైరు నేరుగా కలపాలి. రెగ్యులేటరు మీదుగా ఉంచితే లోపలి సర్క్యూటు తొందరగా పోతుంది.

ఇంట్లో ఏది తింటోందో తెలియకపోతే మీటరు మీద మెరిసే ఎర్ర లైటు చూడాలి. దాని పక్కన యూనిట్‌కి 3,200 మెరుపులని రాసి ఉంటే, నిమిషానికి ఒక మెరుపు 18.75 వాట్లకి సమానం. నిమిషానికి 16 అంటే 300 వాట్లు. అన్నీ ఆపినా మెరుస్తుంటే, మెయిన్ బోర్డులోని ఎంసీబీలు (ఫ్యూజుల బదులు పెట్టే స్విచ్చులు) ఒక్కొక్కటీ దించుతూ పోతే దొంగ దొరుకుతాడు. సాధారణంగా అది గోడకి ఆనించి పెట్టిన పాత ఫ్రిజ్జు, లేదా ఫుట్‌వాల్వు లీకై పదేపదే తిరిగే మోటారు.

కప్పు పని పూర్తయ్యాకే ఏసీ సైజు తేల్చుకోవాలి. ముందు 1.5 టన్ను అడిగిన గదికి తర్వాత టన్ను ఐదు నక్షత్రాల ఇన్వర్టరు చాలు. దానికి విడిగా 4 చదరపు మి.మీ. రాగి తీగ, 20 ఆంపియర్ల ఎంసీబీ, ఇంటికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు), పనిచేసే ఎర్తు కావాలి. పాతికేళ్ల వైరింగులో ఎర్తు తీగ పేరుకే ఉన్న ఇళ్లు చాలా.

సోలారు అన్నిటికన్నా చివర. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో కిలోవాటుకి 30,000, రెండింటికి 60,000, మూడు అంతకు మించితే 78,000 రూపాయల రాయితీ ఉంది. మూడు కిలోవాట్లు రోజుకి సుమారు 12 యూనిట్లు ఇస్తాయి. నెలకి 400 యూనిట్లు కాల్చే ఇల్లు ముందు కప్పూ ఫ్యాన్లూ సరిచేసుకుంటే రెండు కిలోవాట్లతోనే సరిపెట్టుకునే వీలుంది. పలకల నీడ స్లాబుకి అదనపు లాభం.

కానీ ఇది తుపానుల తీరం. ఇక్కడ భారత ప్రమాణాలు లెక్కించమనే గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, గంటకి 180 కిలోమీటర్లు. ఆ గాలి చదరపు మీటరుకి సుమారు 150 కిలోల ఒత్తిడి పెడుతుంది. 540 వాట్ల పలక వైశాల్యం రెండున్నర చదరపు మీటర్ల పైన. అంటే 28 కిలోల పలకని దాదాపు 400 కిలోల బలం పైకి లాగుతుంది. స్లాబు మీద నాలుగు సిమెంటు దిమ్మలు పెట్టి బిగించే పద్ధతి దీనికి నిలబడదు. స్తంభాల కాళ్లు కింద దూలాలు నడిచే గీత మీద పడాలి, కెమికల్ యాంకర్లతో దూలంలోకి దిగాలి. పలకల వాలు 10 నుంచి 15 డిగ్రీలు చాలు. ఇనుముకి 80 మైక్రాన్ల హాట్‌డిప్ గాల్వనైజింగు, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలు. యాంకరు రంధ్రాలు వాటర్‌ప్రూఫ్ పూత కన్నా ముందే వేయించాలి. పూత పూర్తయ్యాక సోలారు కుర్రాళ్లు డ్రిల్లు పట్టుకొస్తే, 48 గంటలు నీళ్లు కట్టి చేసిన పరీక్ష మళ్లీ మొదటికొస్తుంది.